నీటి క్రింది చప్పుడు

నారాయణగూడ కూడలి దాటి, మెట్రో స్తంభముల నీడను పట్టుకొని చిక్కడపల్లి వైపు నడచువానికి, ఈ ప్రాంతమంతయు శబ్దముచేతనే నిర్మింపబడినదేమో యన్న భ్రమ కలుగును. నెత్తిమీద 2020 ఫిబ్రవరి నుండి తిరుగుచున్న మెట్రో రైలు, దాని క్రింద సిటీబస్సుల హారనులు, ఆర్టీసీ క్రాస్‌రోడ్డున కొత్త చిత్రము విడుదలయిననాటి డప్పుల మోత, త్యాగరాయ గానసభలో సాయంకాలపు సన్మానపత్ర పఠనము, ఇందిరాపార్కు ప్రక్కనున్న ధర్నాచౌకు నినాదములు, ఇన్ని నాదములు కలిసి కొట్టుకొను ఈ కొద్దిపాటి నేలలోనే, తెలుగుదేశపు నలుమూలలనుండి వచ్చిన యువజనము నిశ్శబ్దమును వెదకికొని వేల సంఖ్యలో చదువుకొనుచుండుట విచిత్రములలో విచిత్రము. ఉద్యోగపరీక్షల రాజధాని యని పేరుబడిన అశోక్‌నగరు వీధులలో గోడకొక కోచింగు ప్రకటన, మెట్టుకొక జిరాక్సు యంత్రము, మేడకొక హాస్టలు.

నేనక్కడికి పోయినది ఒక పిలుపు మీద. మా మిత్రుని మేనల్లుడొకడు, శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమున సముద్రపుటొడ్డు పల్లెలో పుట్టినవాడు, అటవీశాఖలో రేంజి అధికారి కావలెనను పట్టుదలతో అశోక్‌నగరు హాస్టలు గదిలో మరి ముగ్గురితో సర్దుకొని చదువుచున్నాడు. ఒకనాడు ఫోను చేసి, “మాస్టారూ, పర్యావరణం సిలబస్సులో శబ్దకాలుష్యం అని ఒక చాప్టరుంది. అందులో ఆస్పత్రులున్నాయి, బళ్ళున్నాయి, కోర్టులున్నాయి. సముద్రం లేదు. మా ఊరి పక్కన పోర్టు కడతన్నారు కదా, నీళ్ళకింద చప్పుడుకి రూలేటైనా ఉందా?” యని అడిగెను. ఫోనులో తేలు ప్రశ్న కాదు. పైగా రేపు ఈ నియమములను అమలుపరచవలసిన అధికారులు నేడు కూర్చుండి చదువుకొను తావులెట్లున్నవో చూడవలెనను కుతూహలము నాకు చిరకాలముగా కలదు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు ప్రాంగణమున అడుగు పెట్టగానే మొదట కంటబడునవి గ్రంథములు కావు, కుర్చీలు. చెట్ల క్రింద, ప్రహరీగోడ ప్రక్కన, మెట్ల దాపున, ఎక్కడ జానెడు నీడ దొరికిన అక్కడ ప్లాస్టికు కుర్చీ వేసికొని, ఒడిలో అట్టను బల్లగా పెట్టుకొని, చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని చదువువారు. ఆ ఇయర్‌ఫోనులలో పాటలు లేవని తరువాత తెలిసినది. బయటి రొదను అడ్డుకొనుటకే అవి. లోపలి హాలులో స్థలము దొరకవలెనన్న తెల్లవారుజాముననే వచ్చి సంచి పెట్టి పోవలెనట. సంచిమీద నీళ్ళసీసా, దాని ప్రక్క టిఫిను డబ్బా, అట్ట నలిగి అంచులు మడతలు పడిన పాలిటీ పుస్తకము. యజమాని లేకపోయినను ఆ స్థలమును మరియొకడు ఆక్రమింపడు. వ్రాయబడని ఆ చట్టము అక్కడ ఏ ప్రభుత్వోత్తర్వుకంటెను గట్టిగా చెల్లుచున్నది. వార్తాపత్రికల బల్ల చుట్టును నిలువబడి చదువు వృద్ధులు, కరెంటు అఫైర్సు కొరకు అదే పత్రికను వ్రేళ్ళతో కొలుచు యువకులు, ఇద్దరును ఒకే పుటకై ఎదురుచూచుట అచ్చట నిత్యకృత్యము.

మా వాడు నన్ను చెట్టు క్రిందనే కలిసికొనెను. తన నోటు పుస్తకము తెరచి చూపెను. శబ్దకాలుష్య నిబంధనలు, 2000 ఫిబ్రవరి 14; పారిశ్రామిక ప్రాంతమునకు పగలు 75, రాత్రి 70 డెసిబెల్లు; వాణిజ్యమునకు 65, 55; నివాసమునకు 55, 45; నిశ్శబ్దమండలమునకు 50, 40. అంకెలన్నియు కంఠస్థము. వాని వ్రేలు మూడవ వరుస మీద ఆగినది. “ఈ 55 మనకి. మరి అమెరికావాళ్ళు డాల్ఫినుకి 160 దాకా పర్లేదంటారేటి మాస్టారూ? అది మనకన్నా చెవిటిదా?”

ఈ సందేహము పరీక్షార్థులకే కాదు, పత్రికలవారికిని పదే పదే కలుగునదే. గాలిలోని డెసిబెల్లును నీటిలోని డెసిబెల్లును ఒకే త్రాసున తూచరాదు. డెసిబెల్లనగా ఒక మూలపీడనముతో పోల్చిచూచిన నిష్పత్తి. గాలికి ఆ మూలము 20 మైక్రోపాస్కలులు, నీటికి 1. ఈ భేదము వలననే 26 డెసిబెల్లు పెరుగును. గాలికంటె నీరు ఎంతయో సాంద్రమైనది, అందు శబ్దవేగమును ఎక్కువ, గనుక ఒకే తీవ్రత గల శబ్దమునకు నీటిలో పీడనము హెచ్చు. అందువలన ఇంచుమించు 36. మొత్తము 62 తీసివేయగా నీటిలోని 160, స్థూలముగా గాలిలో 98 వంటిదని చెప్పవచ్చును. అయినను ఇది మనుష్యుని చెవి లెక్క. డాల్ఫిను వినునది వేరొక స్వరశ్రేణి. పైగా ఆ 160 క్షేమమునకు హద్దు కాదు. పునాదిస్తంభముపై సుత్తిదెబ్బవంటి ఆగి ఆగి వచ్చు శబ్దము ఆ అంకెను చేరినచోట జంతువు నడవడి చెదరినట్లుగా లెక్కకట్టి, అనుమతి లేకుండ ఆ పని చేయరాదని అక్కడి ఏర్పాటు. ఎడతెగక మ్రోగు యంత్రములకు ఆ అంకె ఇంకను తక్కువ, 120 మాత్రమే.

ఇంతకును సముద్రములో జరుగునది యేమి? వెలుతురు నీటిలో కొన్ని పదుల మీటర్లలోనే మసకబారును. గోదావరి, వంశధారలవంటి నదులు ఒండ్రు తెచ్చి కలుపు మన తూర్పుతీరపు నీటిలో చాపిన చేయి తనకే కానరాదు. శబ్దమునకు ఆ బాధ లేదు. గాలిలో సెకనుకు 340 మీటర్లు పోవునది సముద్రజలమున సుమారు 1,500 మీటర్లు పోవును, అలసట లేకుండ బహుదూరము పోవును. అందుచేత నీట బ్రతుకు స్తన్యజంతువులు చెవినే కన్నుగా చేసికొన్నవి. డాల్ఫిను టకటకమని సూక్ష్మధ్వనులను విసరి, అవి తగిలి మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి చేపను, వలను, పడవ అడుగును గుర్తించును. పెద్ద తిమింగలములు మంద్రస్వరమున పిలుచుకొనును. ఆ పిలుపులు వందల కిలోమీటర్లు సాగగలవు. మన తీరజలములందు తిరుగు సీసాముక్కు డాల్ఫినులు, మూపురపు డాల్ఫినులు, వీపున రెక్క లేని చిన్న పోర్పాయిసులు, ఉత్తరాన చిలికా సరస్సులోని ఇరావతీ డాల్ఫినులు, అన్నియు ఈ శ్రవణజీవులే. ఇట్టి చోట పెద్ద ఉక్కు పైలును, అనగా పునాదిస్తంభమును, సుత్తితో దిగగొట్టునప్పుడు పది మీటర్ల దూరమున శిఖరపీడనము 200 డెసిబెల్లు దాటుట సాధారణము. అతి సమీపమున నున్న జంతువు చెవి తాత్కాలికముగనో శాశ్వతముగనో దెబ్బతినును. దూరమున నున్నది మేత విడిచి పారిపోవును. ఉత్తరసముద్రమున గాలిమరల స్తంభములను నాటినపుడు పోర్పాయిసులు సుమారు 18 కిలోమీటర్ల వరకు తగ్గిపోయినట్లు శాస్త్రజ్ఞులు నీటి అడుగు శ్రవణయంత్రములతో కనుగొనిరి.

ఈ మాట చెప్పుచుండగనే గ్రంథాలయపు గోడ ఆవలినుండి ఒక మోత మొదలైనది. మేమిరువురమును లేచి అశోక్‌నగరు సందులోనికి పోయితిమి. పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు సెల్లారు త్రవ్వుచున్నారు. హైదరాబాదు నేల అడుగున నల్లరాయి, గునపములకు లొంగదు. పొక్లెయిను చేతికి బొమ్మజెముడు ముల్లంత వాడియైన ఉక్కు ఉలిని తగిలించి, దానిని బండమీద మోపి, గుక్క తిప్పుకోకుండ పొడుచుచున్నారు. దీనిని ఇచ్చట అందరును బ్రేకరందురు. బ్రేకరు మ్రోగిన ప్రతిసారియు ఎదుటి హాస్టలు కిటికీ అద్దము మీది దుమ్ము సన్నగా జారుచుండెను. బండ చీలిన క్షణమున స్వరము మారి బోలుగా వినిపించెను, ఆపరేటరు ఆ మార్పును చెవితోనే గ్రహించి ఉలిని ప్రక్కకు జరిపెను. సందు మొగను పండుకొనియుండిన కుక్క మొదటి దెబ్బకే లేచి, తోక ముడిచి, మూడవ ఇంటి మెట్లమీదికి పోయి పడుకొనెను. అది పోవుటకు మెట్లున్నవి, దారి యున్నది. చదువరులకు ఆ దారియు లేదు. రానున్న మాక్ టెస్టు వారిని కుర్చీకి కట్టివేసినది.

ఇట్టివేళ వీరేమి చేయుదురని అడిగితిని. హాస్టలు మేనేజరును ముందు పెట్టుకొని బిల్డరుతో ఒడంబడిక చేసికొనిరట: ఉదయము పదికి ముందు బ్రేకరు వద్దు, పరీక్షకు ముందటి దినమున అసలే వద్దు. రెండు మూడు మారులు రాత్రివేళ మోత మొదలైనప్పుడు 100కు ఫోను చేసిరి, పోలీసులు వచ్చి ఆపించిరి. నివాస ప్రాంతములందు రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు శబ్దము చేయు నిర్మాణయంత్రములను నడుపరాదని 2010లో చేర్చిన నియమము మా వానికి తేదీతో సహా నోటికి వచ్చును. ఆపై ఇంకొక నియమమును గూడ వాడు చదివి వినిపించెను: శబ్దము ప్రమాణమునకు మించి 10 డెసిబెల్లు గాని అంతకెక్కువ గాని పెరిగినపుడు, ఎవరైనను ఒక వ్యక్తి అధికారికి ఫిర్యాదు చేయవచ్చును.

నాకు ఈ నియమమున్నచోటనే అసలు సంగతి యున్నదని తోచినది. ఈ శాసనమంతయు ఫిర్యాదు చేయువాడు ఒకడుండునను నమ్మకము మీద కట్టబడినది. బాధపడువాడు మాటాడగలడు, తన వీధి పేరు చెప్పగలడు, ఫోను చేయగలడు, మరునాడు మరల చేయగలడు. అధికారి వచ్చి, గాలిలో మీటరు పెట్టి, కొలిచి, ఆపును. గ్రంథాలయమను మాట ఆ నిశ్శబ్దమండల నిర్వచనములో పేరుతో లేకపోయినను, అచ్చట చదువువారు గొంతులున్నవారు గనుక పని జరుగుచున్నది. సముద్రమున ఈ పద్ధతి మొదటిమెట్టు దగ్గరనే కూలును. అక్కడ బాధపడునది దేశాంతరము పోవును. అది పోయినట్లు సాక్ష్యము గూడ మిగులదు. కావున అక్కడి నియమము దెబ్బ పడిన తరువాత మేల్కొనునది కారాదు, సుత్తి ఎత్తకముందే అనుమతిపత్రములో వ్రాసియుండవలెను.

అట్లు వ్రాసికొన్న దేశములు కలవు. అమెరికావారు 1972లోనే సముద్రస్తన్యజీవ రక్షణచట్టమును చేసిరి; ఆ సంవత్సరమే మన వన్యప్రాణి సంరక్షణచట్టమును పుట్టినది. వారి చట్టమునందలి మెలకువ యేమనగా, హాని చేయు తలంపు లేకుండ వేరొక పనిలో కలుగు బాధకును ముందే అనుమతి తీసికొనవలెను. చెవికి గాయమగునట్టి బాధ ఒక అంతస్తు, నడవడి చెదరునట్టి బాధ రెండవ అంతస్తు అని లెక్క వేరుగా చూపవలెను. మన చట్టము డాల్ఫినులను, తిమింగలములను, కడలియావును మొదటి షెడ్యూలులో ఉంచి గొప్ప రక్షణ నిచ్చినది, సందేహము లేదు. అయితే అది వేటగాని చేతిని దృష్టిలో నుంచుకొని వ్రాయబడినది. ఎవరిని వేటాడు తలంపు లేకయే తన పని తాను చేసికొనుచుండు యంత్రమునకు ఎంత చప్పుడువరకు సెలవో అందు అంకె లేదు. 2000 నాటి శబ్దనిబంధనలు గాలిలోని శబ్దమునే కొలుచును.

జర్మనులు తమ సముద్రమున పైలు నుండి 750 మీటర్ల దూరమున ఒక దెబ్బలోని ధ్వనిశక్తి 160, శిఖరపీడనము 190 డెసిబెల్లు దాటరాదని గీత గీసిరి. ఇది నాకు మిక్కిలి నచ్చిన నియమము. ఎట్లు తగ్గింతువో నీ ఇష్టము, ఇక్కడికి వచ్చుసరికి ఇంతకు మించరాదు, అని గుత్తేదారునకు చెప్పి ఊరకుండుట. ఆ గీతను అందుకొనుటకై వారు పైలు చుట్టును సముద్రతలమున రంధ్రములు గల గొట్టమును వలయముగా పరచి, గాలిని పంపి, బుడగల తెర లేపుచున్నారు. నీటినుండి గాలికి, గాలినుండి మరల నీటికి మారునపుడు శబ్దము చాలవరకు చెల్లాచెదరగును. ఈ ఉపాయమును డాల్ఫినుల కొరకు తొలినాళ్ళలో ప్రయోగించినచోటు మన ఆసియాలోనే కలదు: 1990లలో హాంకాంగువారు కొత్త విమానాశ్రయమునకు ఇంధనము దింపు ఘట్టమును కట్టినపుడు, అచ్చటి మూపురపు డాల్ఫినులకై బుడగల తెర కట్టిరి. నాటి ఫలము మూడునుండి అయిదు డెసిబెల్లే. నేటి పెద్ద తెరలు పదికి పైగా తగ్గించుచున్నవి.

బ్రిటనువారి పద్ధతి వేరు. వారు అంకెకంటె కాపలాను నమ్మిరి. 2010 నాటి వారి మార్గదర్శకముల ప్రకారము సుత్తి మొదలుపెట్టుటకు ముందు కనీసము 30 నిమిషములు పరిశీలకుడొకడు నీటిని గాలించి చూడవలెను. 500 మీటర్లలోపల జంతువు కనబడిన పని మొదలుపెట్టరాదు. మొదలైన తరువాతను పూర్తి బలముతో గాక, 20 నిమిషములకు తక్కువ కాకుండ మెల్లమెల్లగా దెబ్బలు పెంచవలెను. నడుమ పది నిమిషములకు మించి ఆగినచో మరల మొదటినుండి రావలెను. మా వాడు ఇది విని సందులోని బ్రేకరు వైపు చూచి, “ఇక్కడ మెల్లగా మొదలెట్టడం అంటే కుక్క లేచి వెళ్ళడానికి టైమివ్వడమే కదా” యనెను. అంతే. అయితే మెల్లగా మొదలుపెట్టిన మాత్రమున అన్నియు లేచిపోవునని నేను నమ్మను. మేత దండిగా నున్నచోట, పిల్ల వెంటనున్న తల్లి, చప్పుడును సహించియు అక్కడనే నిలుచును. ఆ సహనమును చూచి అనుమతి నిచ్చువారు బాధ లేదని వ్రాసికొందురు.

అటనుండి ఇందిరాపార్కు వైపు నడచితిమి. 2023 ఆగస్టులో తెరచిన ఉక్కువంతెన ఇచ్చటనే మొదలై, అశోక్‌నగరు కూడలి మీదుగా, ఆర్టీసీ క్రాస్‌రోడ్డు దగ్గర మెట్రో గీతను గూడ దాటి, వి.ఎస్.టి. వరకు సాగును. దాని కాళ్ళను చూచుచు, పునాదులు రెండు విధములని వానికి చెప్పితిని. నేలలో ముందు బోరు తొలిచి, కడ్డీలగూడు దింపి, కాంక్రీటు పోయుట ఒకటి. తయారైన ఉక్కుగొట్టమును సుత్తితో దిగగొట్టుట రెండవది. మన రేవులలో ఓడలు నిలుచు బెర్తులను ఎక్కువగా మొదటి పద్ధతిననే కట్టుదురు. కావున పాశ్చాత్యుల గ్రంథములందలి భయంకరమైన అంకెలను తెచ్చి మన రేవులకు అంటగట్టుట న్యాయము కాదు. అయినను బోరు గోడలు కూలకుండ దింపు ఉక్కు లైనరును అదరగొట్టియో సుత్తితోనో దింపవలెను. అలల అడ్డుకట్టకై లక్షల టన్నుల రాయి జారవిడువవలెను. ఓడల దారికై డ్రెడ్జరు నెలల తరబడి అడుగు గోకవలెను. ఇది ఉరుము కాదు, ఎడతెగని రొద. 120 అను ఆ చిన్న అంకె వర్తించునది ఇట్టిదానికే.

2022 జూలైలో రామాయపట్నము, 2023 ఏప్రిలులో మూలపేట, మేలో మచిలీపట్నము, ఇట్లు ఆంధ్రతీరమున ఇంచుమించు పది నెలలలో మూడు రేవులకు శంకుస్థాపనలు జరిగినవి. మూలపేట మా వాని మండలమే. ఆ శంకుస్థాపన జరిగిన యేటి జూలైలోనే అదే మండలమున మేఘవరము ఒడ్డునకు సుమారు 25 అడుగుల తిమింగలమొకటి కొట్టుకొనివచ్చినది. నీలితిమింగలమని పత్రికలు వ్రాసినవి, జనులు తండోపతండములుగా పోయి చూచి ఫొటోలు తీసికొనిరి. మా వాడును ఆ ఫొటోను తన ఫోనులో దాచుకొన్నాడు. “పోర్టు వల్లే అంటారు మా ఊళ్ళో” అనెను.

నేను అంగీకరింపలేదు. తిమింగలము రోగముచేత చావవచ్చును, ఓడ తగిలి చావవచ్చును, వల చుట్టుకొని చావవచ్చును, తల్లిని తప్పిన పిల్ల ఆకలిచేత చావవచ్చును. తమిళనాట తిరుచెందూరు ఒడ్డున 2016 జనవరిలో ఎనుబదికి పైగా పైలటు తిమింగలములు ఒక్కుమ్మడిగా ఒడ్డెక్కినపుడు, నానావిధములైన నిందలు పుట్టినవి. కాని 1973 జనవరిలో ఆ తీరముననే 147 ఒడ్డెక్కినట్లు రికార్డున్నది. నేటి యంత్రములు పుట్టకముందే సముద్రము ఇట్టి పనులు చేసియున్నది. చప్పుడువలన చెవి పాడైనదా యని తేల్చవలెనన్న, లోపలి చెవిలోని సూక్ష్మమైన రోమకణములను చూడవలెను. అవి మరణించిన కొన్ని గంటలకే కుళ్ళి నశించును. మన వేసవి గాలిలో, ఉప్పునీటిలో నానిన కళేబరము ఒడ్డునకు చేరుసరికి ఆ సాక్ష్యము ఏనాడో పోయియుండును. నిందించుటకును ఆధారము లేదు, నిర్దోషియని వదలుటకును లేదు. మా వాడు కొంచెము నొచ్చుకొనెను. ఊరివాని అనుమానమును కొట్టివేసితినని కాబోలు. కాని ఋజువు కాని నేరమును పట్టుకొని వాదించిన, ఋజువగు సంగతులు గూడ వినువారు లేక పోవునని నా భయము.

నడచి నడచి నారాయణగూడలో ఒక ఇరానీ హోటలులో కూర్చుంటిమి. చాయి చల్లారుచుండగా వాడు అసలు ప్రశ్నకు వచ్చెను. అనుమతులు ఇచ్చివేసిరి, పని సాగుచున్నది, ఇప్పుడు ఊరివాడు చేయగలిగినదేమున్నది? ఉన్నది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారము, అనుమతి పొందిన ప్రతివాడును ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలుపై నివేదిక సమర్పింపవలెను. అది ప్రజలు చూడదగిన పత్రము. అందు సముద్రములోని శబ్దమును ఎక్కడ, ఏ లోతున, ఏ యంత్రముతో, పని జరుగునపుడా ఆగినపుడా కొలిచిరో అడుగవచ్చును. కొలువలేదని జవాబు వచ్చిన, ఆ జవాబే ఒక ఆధారము. రేవు విస్తరించునాడు మరల అనుమతి కావలెను. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసము 30 దినముల ముందు నోటీసు రావలెను, నివేదిక సారాంశము తెలుగులో లభింపవలెను, జిల్లా కలెక్టరు గాని వారి ప్రతినిధి గాని అధ్యక్షత వహింపవలెను. ఆనాడు లేచి మాటాడుటకు ముందుగా అంకెలు చేతనుండవలెను. పని ఇంకను మొదలుకానిచోట నీటి సహజధ్వనిని ఒక యేడాదియైన కొలిచి ఉంచుకొన్న, తరువాతి పెరుగుదల ఎంతో చెప్పుటకు పునాది యుండును. చూడబోయిన ఇదే నగరమున, ప్రగతినగరులో, ఇన్‌కాయిస్ అను సముద్రసమాచార కేంద్రము 1999 నుండి కలదు. చేపలు దొరకు తావులను జాలరులకు చెప్పుచున్నది, 2007 నుండి సునామీ హెచ్చరికలును ఇచ్చుచున్నది. సముద్రము లేని ఊరినుండి సముద్రమును వినుట మనకు కొత్త గాదు.

వాడు నోటు పుస్తకమున కాగితము చించి, కోరవలసిన షరతులతో ఒక ఉత్తరము వ్రాయసాగెను. పరిశీలకుడెవరుండవలెను అన్నచోట మాకు వాదము వచ్చినది. వాని పట్టు, ఊరి జాలరులనే పెట్టవలెనని. “మా తాత రాత్రిపూట తెప్ప మీద ఊపిరి చప్పుడు విని ఎటువైపు, ఎన్ని అని చెప్పేవోడు. డిగ్రీ చదివినోడికి పగలే కనబడదు మాస్టారూ.” నేను కాదనలేదు, కాని ఆ జాలరి గుత్తేదారుని వద్దనే కూలి తీసికొనువాడైన, పని ఆపుమని చెప్పుటకు నోరు రాదంటిని. గంటసేపు సుత్తి ఆగిన క్రేనుకు, బార్జికి, ఇరువదిమంది కూలీలకు అద్దె ఆగదు. ఆ నష్టము చూపి అందరును ఆ ఒక్కని వైపు చూతురు. జీతము అటవీశాఖ ఇవ్వవలెను, డబ్బు ముందుగానే డిపాజిటుగా తీసికొనవలెను. రాత్రి కంటిచూపు చాలదు గనుక చీకటిలో కొత్త పైలు మొదలుపెట్టరాదు, మొదలుపెట్టినది ముగించుకొనవచ్చును, నీటిలో శ్రవణయంత్రముండవలెను. వాడు ఒప్పుకొని వ్రాసికొనెను.

కొంతసేపు పెన్ను కొరికి, మరల తలయెత్తి, “ఆగిన గంటకి కాంట్రాక్టరుకి రేటు కట్టి ఇచ్చేస్తే? అప్పుడు వాడే ముందు ఆపుతాడు కదా” యనెను. ఇది నా ఆలోచనకు రాని మాట. పర్యావరణ షరతులు వ్రాయువారు నష్టమంతయు గుత్తేదారుని మీద వేసి, ఆపై అతని అంతరాత్మను నమ్ముకొనుచున్నారు. ఆగిన గంటల ఖరీదు టెండరులోనే చేర్చియుండిన, ఆపుటకు జంకు ఉండదు. అయితే దొంగ డాల్ఫినులను చూచినట్లు చెప్పి కూర్చుండి బిల్లు పెట్టువాడును ఉండునంటిని. “దానికే కదా ఫారెస్టు వాచరు” అని వాడు నవ్వెను. ఆగిన గంటలకు రేటు కట్టుట అనుమతిపత్రములో పట్టు సంగతి కాదు, టెండరు కట్టువారు చేయవలసినది. కాబట్టి ఒక ఉత్తరము రెండయినది: మొదటిది విజయవాడలోని పర్యావరణ మంత్రిత్వశాఖ ప్రాంతీయ కార్యాలయమునకు, రెండవది ఆంధ్రప్రదేశ్ మారిటైము బోర్డునకు. సాయంకాలపు మాక్ టెస్టునకు వేళ మించుచుండుటచేత, రెండవ దానిని గదిలో వ్రాసికొందునని చెప్పి, మొదటిదానిని జిరాక్సు తీయించుటకు వాడు చిక్కడపల్లి వైపు సాగెను.